నన్ను చూచేవారెవరు?



కిందటేడు ఒక సాయంత్రం ప్రార్థన నిమిత్తం మా సంఘంలోని ఒక వృద్ధురాలి ఇంటికి వెళ్లాను. టీవీలో 'బిగ్ బాస్' వస్తున్నది. అందులో ఎవరు ఎందుకు ఏడ్చారో, ఎవరికి ఇంటి దగ్గర ఏ కష్టమున్నదో ఆమె నాకు వివరంగా చెప్పారు. "ఇంత ఆసక్తి ఎందుకమ్మా?" అని అడిగాను. "ఇంట్లో పలకరించే మనిషి లేరు అయ్యగారూ. వీళ్లయితే రోజూ కనబడతారు" అన్నారు.

ఆ మాట నన్ను వదలలేదు. రియాలిటీ షోలను ప్రసంగ పీఠం మీదనుండి గద్దించడం తేలిక. అయితే అవి మనిషి హృదయంలోని ఏ ఆకలిని పట్టుకున్నాయి? వాటి చరిత్రను చూస్తే మనకు అర్థమవుతుంది.

ఈ చరిత్ర టీవీ కంటే ముందు రేడియోలోనే మొదలైనది. 1945లో అమెరికా రేడియోలో 'క్వీన్ ఫర్ ఎ డే', అనగా 'ఒక రోజు రాణి' అనే కార్యక్రమం ప్రారంభమైంది. 1956 నుండి 1964 వరకు అది టీవీలో ఆ దేశమంతటా ప్రసారమైంది. సామాన్య గృహిణులు వేదిక మీదికి వచ్చి తమ కష్టమేమిటో, తమకు ఏమి కావాలో చెప్పుకొనేవారు. జబ్బుపడిన బిడ్డకు చక్రాల కుర్చీ, బట్టలుతికే యంత్రం, ఇటువంటివి అడిగేవారు. అందరూ చెప్పిన తరువాత ఒక్కొక్కరి కోసం ప్రేక్షకులు చప్పట్లు కొట్టేవారు. ఆ శబ్దాన్ని కొలిచే మీటరులో ముల్లు ఎవరికి ఎక్కువ చూపితే ఆమే రాణి! జాక్ బెయిలీ అనే వ్యాఖ్యాత ఆమెను రాణిగా ప్రకటించేవాడు. ఎర్రని వెల్వెట్ వస్త్రం కప్పి, కిరీటం పెట్టి, గులాబీలు చేతికిచ్చేవారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ స్త్రీలు వస్తువు కోసమే వచ్చారా? ఇంట్లో ఎవరూ అడగని బాధను, మైకు పట్టుకొని ఒక మనిషి అడిగాడు. దేశమంతా విన్నది. అది చిన్న సంగతి కాదు. కాని ఒక తల్లి కన్నీటిని ఇంకొక తల్లి కన్నీటితో తూచడం ఎంత క్రూరం! చప్పట్లు తక్కువ వచ్చిన ఆమె ఏమనుకొని ఇంటికి వెళ్లి ఉంటుంది? నా బాధ చాలలేదు అనుకోదా?

1973లో అమెరికాలోనే 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ' వచ్చింది. కాలిఫోర్నియాలోని లౌడ్ కుటుంబాన్ని నెలల తరబడి చిత్రీకరించి 12 భాగాలుగా చూపించారు. భార్యాభర్తలు విడిపోవడం కూడా జనం చూశారు. తమను సరిగా చూపలేదని ఆ కుటుంబం తరువాత బాధపడింది. ఇతరుల గుమ్మం లోపల ఏమి జరుగుతున్నదో, మన ఇల్లువంటిదేనా అని తెలిసికోవాలనే కోరిక మనకు లేదా?

1949లో జార్జ్ ఆర్వెల్ తన నవలలో అందరినీ కనిపెట్టి చూచే 'బిగ్ బ్రదర్'ను భయంకరమైనవాడుగా చిత్రించాడు. సరిగ్గా 50 ఏళ్లకు, 1999లో, నెదర్లాండ్స్‌లో అదే పేరుతో షో మొదలైంది. నాడు భయపెట్టిన కెమెరా కన్ను ముందుకు నేడు మనుషులు ఇష్టపడి వచ్చారు! ఆ షోయే 2006లో హిందీలో, 2017లో తెలుగులో 'బిగ్ బాస్' అయింది. చప్పట్ల ముల్లు పోయి ఓటు వచ్చింది, అంతే.

కాబట్టి ప్రియులారా, ఈ చరిత్రలో మూడు కోరికలు కనబడుతున్నవి: నా మాట ఎవరైనా వినాలి. నన్ను ఉన్నదున్నట్టుగా ఎవరైనా ఎరగాలి. నన్ను ఎవరైనా కావాలనుకోవాలి. ఇవి పాపపు కోరికలు కావు. అరణ్యంలో హాగరును జ్ఞాపకం చేసికొనండి. యజమానురాలి ఇంటినుండి పారిపోయిన ఆ దాసికి చప్పట్లు కొట్టినవారు లేరు. అయినా తనను చూచినవాడు ఒకడున్నాడని ఆమె గ్రహించింది. ఆయన చూపులో పోటీ లేదు, ఎలిమినేషన్ లేదు.

అయితే ఆ చూపును మన పొరుగువారికి చేర్చవలసినది ఎవరు? నేను ఆ వృద్ధురాలి ఇంటికి ఎన్నోసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఐదు నిమిషాలు ప్రార్థించి లేచి వచ్చాను. ఆ సాయంత్రం మాత్రం కూర్చుని, "మీ సంగతి చెప్పండమ్మా" అన్నాను. గంటకు పైగా చెప్పారు. మధ్యలో టీవీ ఎప్పుడు కట్టేశారో నేను గమనించనేలేదు.

మీ వీధిలో అటువంటి గుమ్మం ఏది? ఈ వారమే ఆ తలుపు తట్టండి.