లంబసింగి ఘాట్ రోడ్డు: అంగళ్ల వరుసగా మారిన వలస కట్టడం

వలసపాలన నాటి బంగళా దుకాణంగా మారితే వారసత్వ పరిరక్షణ చర్చకు వస్తుంది. గోడలు లేని కట్టడానికి ఆ గౌరవం దక్కదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే ఘాట్ రోడ్డు అటువంటిదే.

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ దారి పనికి గిరిజనులను బలవంతంగా దింపి, న్యాయమైన కూలి ఇవ్వకపోవడం 1922–24 మన్యం తిరుగుబాటుకు చరిత్రకారులు చూపే కారణాలలో ఒకటి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడును కట్టడి చేసింది. ఆ చట్టాన్ని అమలుపరిచే అధికారులకు రోడ్డు కొండదారిని సుగమం చేసింది. బాస్టియన్ వల్ల నష్టపోయిన గాం గంటందొర, తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నిలిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి 26 తుపాకులు స్వాధీనం చేసుకున్నారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు హతులయ్యారు.

ఠాణాలు పాఠ్యపుస్తకాలకెక్కాయి. కృష్ణదేవిపేటలో రాజు సమాధి స్మారకమైంది. రోడ్డు మాత్రం చలికాలపు సందర్శకుల అంగడి: కాఫీ, స్ట్రాబెర్రీ, బొంగు చికెన్. అమ్మేవారిలో గిరిజనులూ ఉన్నారు. కాబట్టి దీనిని కేవలం విస్మృతి అనడం సమంజసం కాదు. అయితే సమీపంలోని తాజంగిలో తలపెట్టిన గిరిజన సమరయోధుల మ్యూజియంలో విల్లంబులతోపాటు ఈ రోడ్డు పనికి వాడిన పలుగు, పారలకూ, కూలి తగాదాకూ చోటు ఉండాలి.