మారుతీ ఓమ్ని

మారుతీ ఓమ్ని భారతదేశంలో 1984 నుండి 2019 వరకు తయారైన చిన్న వ్యాను. దీని తయారీదారు మారుతీ ఉద్యోగ్ సంస్థ (2007 నుండి మారుతీ సుజుకి ఇండియా). తయారీ నిలిచిపోయినప్పటికీ ఆంధ్ర ప్రదేశ్‌లోని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలలో ఈ వ్యానులు కుటుంబ వాహనాలుగాను, సరకుల బండ్లుగాను చేతులు మారుతూ నేటికీ తిరుగుతున్నాయి. ఈ ప్రాంతంలో పాత ఓమ్ని ఎంతకాలం మన్నుతుందనేది ఇంజను కంటే ఎక్కువగా దాని రేకు మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

జపానుకు చెందిన సుజుకి క్యారీ వాహనం ఆధారంగా ఇది రూపొందినది. 1984లో "మారుతీ వ్యాన్" అనే పేరుతో విడుదలై, 1988లో ఓమ్నిగా పేరు మార్చుకున్నది. అయినను జనవ్యవహారంలో పాత పేరే నిలిచినది. తెలుగు సినిమాలలో ప్రతినాయకుల అనుచరులు మనుషులను ఎత్తుకుపోయే వాహనంగా కూడా ఇది ప్రసిద్ధి. 2010లో ఇదే సంస్థ 1.2 లీటర్ల ఇంజనుతో ఈకో అనే వ్యానును విడుదల చేసినది.

నిర్మాణం

ఓమ్నిలో 796 ఘన సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉన్నది. మారుతీ 800 కారులోనూ ఇదే ఇంజనును వాడారు. అందువలన దీని పనితీరు తెలిసిన మెకానిక్కులు చిన్న పట్టణాలలోనూ లభిస్తారు. ఇంజను ముందు సీట్ల కింద ఉండి వెనుక చక్రాలను నడుపుతుంది. రెండు పక్కలా జారుడు తలుపులు, వెనుక కమాను కట్టలు ఉంటాయి. ఐదు, ఎనిమిది సీట్ల రకాలు వెలువడినవి.

కొల్లేరు ప్రాంతంలో మన్నిక

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు చేరుతాయి. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. గాలిలోని తేమ, చెరువు గట్ల బురద, చేపల పెట్టెల నుండి కారే నీరు రేకును త్వరగా తుప్పు పట్టిస్తాయి. ఏలూరు - తాడేపల్లిగూడెం మధ్య జాతీయ రహదారి 16 మీద తిరిగిన బండికి ఈ బాధ తక్కువ. దానికి టైర్లు, బ్రేకులు, క్లచ్ అరుగుదల ముఖ్యం.

తుప్పు ముందుగా జారుడు తలుపుల పట్టాలలో, గుమ్మాల కింద, చక్రాల లోపలి అంచులలో, మ్యాట్ల కింది నేల రేకులో కనబడుతుంది. నేల రేకు పలచబడితే సీట్ల బోల్టులు పట్టు కోల్పోతాయి. పుట్టీ పెట్టి రంగు వేసిన చోట అయస్కాంతం సరిగా అంటుకోదు. కొనేవారికి ఇది సులభమైన పరీక్ష.

నీట మునిగిన వాహనాలు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి, ఆ తరువాత కొల్లేరుకు చేరినది. లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నవి. ఇటువంటి వరదలలో మునిగిన వాహనాలు శుభ్రపరచబడి తిరిగి అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగినప్పుడు కనబడే బురద గీత, సీట్ల పట్టాల మీది తుప్పు, వదలని ముక్కవాసన, పాలవలె తెల్లబడిన గేరు ఆయిలు దీనికి గుర్తులు. మునిగిన బండిని వెంటనే స్టార్టు చేయరాదు. సిలిండరులోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

పత్రాలు

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ జరిపించి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వం కార్ల పునరుద్ధరణ రుసుమును 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచినది. కనుక తక్కువ ధరకు వచ్చిన బండి అసలు ఖర్చును ఈ గడువుతో కలిపి లెక్కించాలి. 2019లో నమోదైన చివరి ఓమ్నిలకు మొదటి గడువు 2034లో ముగుస్తుంది.

యాజమాన్య బదిలీకి 29, 30 నంబరు ఫారాలు అవసరం. బ్యాంకు అప్పు తీరినట్లయితే 35వ ఫారం కూడా జతపరచాలి. పాత పశ్చిమ గోదావరి జిల్లా వాహనాలకు ఏపీ 37, కృష్ణా జిల్లా వాహనాలకు ఏపీ 16 సంకేతాలు ఉండేవి. కైకలూరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినందున అక్కడి పాత బండ్ల మీద ఏపీ 16 కనబడుట సహజం. గ్యాసు కిట్టు బిగించినచో ఆ వివరం రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉండాలి.

భద్రత

ముందు సీట్లు ముందు చక్రాల మీదనే ఉండుట వలన ఎదురుగా ఢీకొన్నపుడు దెబ్బను తీసుకోవడానికి ముందుభాగంలో చోటు చాలా తక్కువ. 2019 అక్టోబరు నుండి పాత నమూనాలకు కూడా వర్తించిన ఢీకొనే పరీక్షల నిబంధనలకు ఈ నిర్మాణం సరిపడనందున తయారీ నిలిచినది. మంచి ఇంజను ఈ లోపాన్ని పూడ్చలేదు. ఊరిలో తక్కువ వేగంతో తిరగడానికి ఉపయోగపడే ఈ వ్యాను, పిల్లలతో నిండుగా రహదారి ప్రయాణాలకు తగినది కాదు. అద్దెకు విద్యార్థులను చేరవేయుటకు సొంత వాహనపు రిజిస్ట్రేషన్ చెల్లదు. దానికి రవాణా వాహనంగా నమోదు, పర్మిట్టు ఉండాలి.

ఇవి కూడా చూడండి

మారుతీ 800
కొల్లేరు సరస్సు
ఏలూరు జిల్లా