వృద్ధుల సంరక్షణ గృహాల్లో పరిశోధన: రెండు ప్రయోగాలు, ఒక ప్రశ్న

తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అది వయసు మళ్లినవారు, దీర్ఘరోగులు నివసించే సంరక్షణ గృహం. ఇటువంటి గృహాల్లో జరిగిన పరిశోధనల చరిత్రలో 1976 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది వెలువడిన రెండు అధ్యయనాల ఆధారంగా పరిశోధకుని బాధ్యత ఎక్కడ ముగుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్‌లు కనెక్టికట్ రాష్ట్రంలోని ఆర్డెన్ హౌస్‌లో చేసినది. ఒక అంతస్తులోని వృద్ధులకు దైనందిన నిర్ణయాలు తమవేనని చెప్పి, నచ్చిన మొక్కను ఎంచుకొని పెంచుకోమన్నారు. మరో అంతస్తువారికీ మొక్కలిచ్చారు గాని, నీళ్లు పోసే పని సిబ్బందికి అప్పగించారు. మూడు వారాలకు మొదటి బృందంలో ఉల్లాసం, చురుకుదనం హెచ్చాయి. 18 నెలలకు ఆ బృందంలోని 47 మందిలో 7గురు, రెండవ బృందంలోని 44 మందిలో 13 మంది మరణించారు. ఈ అంకెలు ప్రసిద్ధికెక్కాయి. ఆ తేడాకు తొలుత చూపినంత గణాంక బలం లేదని రచయిత్రులే 1978లో ప్రకటించిన సవరణకు మాత్రం అంత ప్రచారం రాలేదు.

రెండవది రిచర్డ్ షుల్జ్ ఉత్తర కరోలినాలోని ఒక విశ్రాంత వృద్ధుల నివాసంలో చేసినది. కళాశాల విద్యార్థులు రెండు నెలలపాటు వృద్ధులను పలకరించి వెళ్లేవారు. విద్యార్థుల రాకను తామే నిర్ణయించుకున్నవారికీ, ఆ రాక ముందుగా తెలిసినవారికీ మేలు జరిగింది. యాదృచ్ఛికంగా పలకరించినవారిలో, అసలు ఎవరూ పలకరించనివారిలో ఆ మెరుగు కనిపించలేదు. అయితే షుల్జ్, బార్బరా హనూసాలు 1978లో ప్రకటించిన తదుపరి ఫలితాలు కలవరపరిచేవి. పలకరింపులు ఆగాక, మేలు పొందిన ఆ రెండు వర్గాలవారే ఆరోగ్యంలోనూ జీవనోత్సాహంలోనూ దిగజారారు.

రెండింటికీ గల భేదం గమనార్హం. ఆర్డెన్ హౌస్‌లో పరిశోధకులు వెళ్లాక కూడా మొక్క మిగిలింది, నిర్ణయం తమదన్న భావన మిగిలింది. రెండవచోట ఇచ్చినది మనుషుల రాక. ప్రయోగంతో పాటే అదీ ముగిసింది.

1979 నాటి బెల్మాంట్ నివేదిక వ్యక్తి గౌరవం, శ్రేయస్సు, న్యాయం అనే మూడు సూత్రాలను నిర్దేశించింది. ఆచరణలో ఈ సూత్రాలు ఎక్కువగా అధ్యయన ప్రారంభంలో తీసుకునే సమ్మతి పత్రానికే పరిమితమవుతుంటాయి. షుల్జ్ అనుభవం ముగింపును గుర్తుచేస్తుంది. వృద్ధాశ్రమాలకు విద్యార్థులను క్షేత్రపర్యటనకు పంపే అధ్యాపకులు ప్రశ్నావళితో పాటు వీడ్కోలునూ ముందే రూపొందించుకోవాలి. దత్తాంశ సేకరణ పూర్తయిన మరునాడు కూడా ఆ వృద్ధులు తలుపు వైపు చూస్తూనే ఉంటారు.