కె.జి. బేసిన్: సముద్రగర్భ పొరల అధ్యయనంలో సైస్మిక్ సర్వే, బావి లాగ్‌లు

కృష్ణా-గోదావరి బేసిన్ భూభాగంపై సుమారు 28 వేల చదరపు కిలోమీటర్లు, సముద్రంలో 200 మీటర్ల నీటిలోతు వరకు మరో 24 వేల చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉన్నది. ఈ బేసిన్‌కు సంబంధించిన వార్తలలో "నిక్షేపం", "వెలికితీయదగిన నిల్వ", "ఉత్పత్తి" అనే మాటలు తరచు ఒకే అర్థంలో వాడబడుతున్నవి. పతాక శీర్షికకు ఎక్కేది మొదటి మాట. విద్యుత్ కేంద్రానికి అందేది మూడవది. ఈ అంతరం పొరలను చదివే విధానంలోనే మొదలవుతుంది.

సర్వే నౌక ఎయిర్‌గన్‌లతో నీటిలోనికి పీడన తరంగాలను పంపుతుంది. ఒక పొర ముగిసి వేరొక పొర మొదలైన చోట తరంగంలో కొంత భాగం వెనుకకు మరలి, నౌక వెంట లాగబడే కేబుల్‌లోని హైడ్రోఫోన్లకు చేరుతుంది. నమోదయ్యేది తరంగం వెళ్లి వచ్చిన కాలమే గాని లోతు కాదు. తరంగ వేగం తెలిసిన పిదపనే మిల్లీసెకన్లను మీటర్లలోనికి మార్చడం సాధ్యమవుతుంది.

ఆ వేగాన్ని నేరుగా కొలవడానికి బావి తవ్వవలసి ఉన్నది. బావిలోనికి పరికరాలను దింపి లోతు వారీగా తీసిన కొలతల పట్టికయే లాగ్. గామా లాగ్‌లో షేల్ ఎక్కువగా, శుభ్రమైన ఇసుకరాయి తక్కువగా నమోదవుతాయి. విద్యుత్ నిరోధకత ఉప్పునీరున్న ఇసుకలో తక్కువగాను, వాయువున్న ఇసుకలో ఎక్కువగాను ఉంటుంది. సోనిక్, సాంద్రత లాగ్‌ల ఆధారంగా ఒక కృత్రిమ సైస్మిక్ రేఖను రూపొందించి, సర్వే చిత్రంతో సరిపోల్చిన తరువాత ఏ గీత ఏ పొరదో నిర్ణయిస్తారు.

అయినను రెండు చిక్కులు మిగిలే ఉంటాయి. తరంగ వేగం సెకనుకు 2,000 మీటర్లు, పౌనఃపున్యం 40 హెర్ట్జ్ అయినచో దాదాపు 12 మీటర్లకన్న పలుచని పొర పైభాగం, అడుగుభాగం సైస్మిక్ చిత్రంలో విడివిడిగా కనిపించవు. లాగ్‌లో అవి స్పష్టంగా తెలుస్తాయి. కాని లాగ్ చెప్పేది ఆ ఒక్క బావి చుట్టుపక్కల సంగతి మాత్రమే. రెండవ చిక్కు మరింత మోసకరమైనది. మెత్తని ఇసుక రంధ్రాలలో ఐదు, పది శాతం వాయువున్నా తరంగ వేగం బాగా పడిపోయి, చిత్రంలో ఆ చోటు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. నిండుగా వాయువున్న ఇసుక కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది.

కాకినాడ తీరానికి ఆవల గల డి-6 బ్లాకులో 2002లో సహజవాయువు కనుగొనబడినది. ధీరూభాయి-1, 3 క్షేత్రాలలో ప్రాచీన సముద్రగర్భ కాలువలలో నిండిన ఇసుక, బంకమట్టి పొరలు ఉన్నవి. 2006 నాటి ప్రణాళికలో వీటి వెలికితీయదగిన నిల్వ సుమారు 10 ట్రిలియన్ ఘనపుటడుగులుగాను, ఉత్పత్తి రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లుగాను అంచనా వేయబడినది. 2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి ప్రారంభమైనది. 2010లో బ్లాకు మొత్తం ఉత్పత్తి సుమారు 69 మిలియన్లకు చేరి, పిదప వేగంగా క్షీణించినది. 2012లో నిల్వల అంచనా సుమారు 3 ట్రిలియన్లకు కుదించబడినది. పొరల మధ్య అనుసంధానం అనుకున్నంతగా లేకపోవడమే కారణమని ఆపరేటరు, ప్రణాళిక మేరకు బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం వాదించినవి. 2013 మార్చి నుండి విద్యుత్ రంగానికి డి-6 వాయు సరఫరా నిలిచిపోగా, దానిని నమ్ముకొని ఆంధ్రప్రదేశ్‌లో నిర్మించిన పలు కేంద్రాలు ఇంధనం లేక మూతపడినవి. ఈ రెండు క్షేత్రాలలో ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ముగిసినది.

అదే బ్లాకులో వీటికి సుమారు 2,000 మీటర్ల దిగువన గల మరింత ప్రాచీన పొరలలోని ఎం.జె. క్షేత్రం నుండి 2023లో ఉత్పత్తి మొదలైనది.