కొత్త రివాల్వర్ చేతికొచ్చాక: లైసెన్స్ ఎవరిస్తారు, ఏది కొనొచ్చు, ఏ బాధ్యతలు మీద పడతాయి?

దిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు వినగానే తెలుగువాళ్లకు సివిల్స్ కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన శరణార్థుల కోసం ఏర్పడిన కాలనీ ఇది. తొలి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ ఇళ్లలో చాలావరకు పై అంతస్తులను గదులుగా మార్చి విద్యార్థులకు అద్దెకిస్తున్నారు.

అలాంటి ఒక ఇంటికి, అక్కడ ఉంటున్న తెలుగు విద్యార్థులను కలవడానికి వెళ్లాను. వ్యాపారం చేసే ఇంటి యజమాని అంతకు రెండు రోజుల ముందే ఒక రివాల్వర్ కొన్నారు. ఫ్యాక్టరీలో తయారైన .32 బోర్ రివాల్వర్. మాకు చూపించే ముందు సిలిండర్ తెరిచి, ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని ఆయన ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు.

సినిమాల్లో చూసే దానికన్నా అది చిన్నగా ఉంది. చూడ్డానికి కనిపించే దానికన్నా బరువుగా ఉంది. ఇంకా నూనె వాసన పోలేదు. ఫ్రేమ్ మీద నంబర్ చెక్కి ఉంది. ''ట్రిగ్గర్ చాలా గట్టిగా ఉంది. నా వయసుకు ఇది కష్టమే'' అని ఆయన హిందీలో అన్నారు. పక్కనే ఉన్న విద్యార్థి నావైపు తిరిగి, ''అక్కా, రేపు కలెక్టర్ అయితే ఇలాంటి వాటికి సంతకం పెట్టేది మేమే కదా'' అన్నాడు.

ఆ మాట నిజమే. అందుకే ఈ కథనం. భారత్‌లో ఒక సాధారణ పౌరుడి చేతికి కొత్త రివాల్వర్ ఎలా వస్తుంది? వచ్చాక ఏం మారుతుంది?

ట్రిగ్గర్ ఎందుకంత గట్టిగా ఉంటుంది?

రివాల్వర్లలో ఎక్కువ భాగం 'డబుల్ యాక్షన్' రకం. అంటే ట్రిగ్గర్‌ను ఒక్కసారి లాగితే సిలిండర్ తిరగడం, హ్యామర్ వెనక్కి వెళ్లడం, తిరిగి వచ్చి తూటాను కొట్టడం అన్నీ జరగాలి. ఆ పనంతా వేలి బలంతోనే జరుగుతుంది కాబట్టి ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది. కొత్తదైతే లోపలి భాగాలు ఇంకా ఒరుసుకుని నునుపెక్కవు కాబట్టి మరింత బిగువుగా అనిపిస్తుంది.

కొత్తగా కొన్నవాళ్లకు ఇది లోపంలా కనిపించొచ్చు. అయితే, పొరపాటున వేలు తగిలితే పేలకుండా కొంతవరకు కాపాడేది కూడా ఈ గట్టిదనమే. దాన్ని తగ్గించడానికి లైసెన్స్ లేని మెకానిక్‌కు ఇవ్వడం ప్రమాదకరం. ఆయుధాల మరమ్మతుకు కూడా చట్టప్రకారం లైసెన్స్ ఉండాలి.

'ఫ్యాక్టరీ మేడ్' అన్న మాటకు అంత విలువ ఎందుకు?

ఉత్తర భారతంలో 'కట్టా', 'తమంచా' అని పిలిచే నాటు తుపాకులు పోలీసుల సోదాల్లో తరచూ దొరుకుతుంటాయి. బిహార్‌లోని ముంగేర్ పేరు వీటితో ముడిపడిపోయింది. వీటి గొట్టం ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించరు. కాల్చినవాడి చేతిలోనే పగిలిపోయే ప్రమాదం ఉంటుంది.

ఫ్యాక్టరీ ఆయుధాన్ని అమ్మకానికి ముందు ఎక్కువ ఒత్తిడితో కాల్చి పరీక్షిస్తారు. దాని మీద తయారీదారు పేరు, నంబర్ ఉంటాయి. ఆ నంబర్‌ను చెరిపేయడం నేరం. తుపాకీ ఏ దుకాణం నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పేది ఆ నంబరే.

స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2017 అంచనా ప్రకారం భారత్‌లో పౌరుల దగ్గర సుమారు 7.1 కోట్ల తుపాకులు ఉన్నాయి. వాటిలో నమోదైనవి 97 లక్షలే.

ఏవి కొనొచ్చు?

9 ఎంఎం, .38, .455 వంటి సైనిక, పోలీసు బోర్లు 'నిషిద్ధ బోర్' కిందకు వస్తాయి. సామాన్యులకు అవి దొరకవు. అందుకే దేశంలో ఆత్మరక్షణ కోసం కొనే చేతి తుపాకుల్లో .32 బోర్ ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రభుత్వ రంగంలో వీటికి కేంద్రం కాన్పూర్. అక్కడి .32 రివాల్వర్ మూలం బ్రిటన్‌కు చెందిన వెబ్లీ డిజైన్. 2014 జనవరిలో 'నిర్భీక్' పేరుతో టైటానియం మిశ్రమ లోహంతో చేసిన తేలికపాటి రివాల్వర్‌ను విడుదల చేశారు. బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర రూ. 1,22,360. 2012 దిల్లీ అత్యాచార ఘటన తర్వాత, 'నిర్భయ'ను గుర్తుచేసే పేరుతో, మహిళల కోసం అంటూ నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. మహిళల భద్రత బాధ్యతను వాళ్ల హ్యాండ్‌బ్యాగ్‌లోకే నెట్టేస్తున్నారన్న విమర్శలూ అప్పుడే వచ్చాయి.

2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సాయుధ వాహనాల కంపెనీలోకి వెళ్లింది. చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌కు దక్కాయి. ఆ సంస్థ 2023 ఆగస్టులో 'ప్రబల్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. తూటాలు లేకుండా దీని బరువు 675 గ్రాములు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. 50 మీటర్ల వరకు పనిచేస్తుందని కంపెనీ చెప్పింది.

ప్రైవేటు రంగంలో వెబ్లీ అండ్ స్కాట్ సంస్థ భారతీయ భాగస్వామితో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లా సండీలాలో .32 రివాల్వర్ల తయారీ మొదలుపెట్టింది.

విదేశీ తుపాకులను సామాన్యులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యకాలం నుంచి ఆగిపోయింది. అందువల్ల పాత విదేశీ పిస్టళ్లు చేతులు మారుతూ భారీ ధర పలుకుతుంటాయి.

లైసెన్స్ ఎవరిస్తారు?

జిల్లాల్లో ఈ అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌ది, అంటే కలెక్టర్‌ది. కమిషనరేట్ ఉన్న హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో పోలీస్ కమిషనర్‌ది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఉండేవారు దిల్లీ పోలీసు లైసెన్సింగ్ విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి.

1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల ప్రకారం స్థూలంగా పద్ధతి ఇదీ:

- దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. (క్రీడాకారులకు వేరే నిబంధనలున్నాయి.)
- ఆయుధం ఎందుకు కావాలో కారణం చెప్పాలి.
- స్థానిక పోలీస్ స్టేషన్ నుంచి నివేదిక తెప్పించుకుంటారు.
- ఆయుధాన్ని పట్టుకోవడం, భద్రపరచడం, కాల్చడంపై శిక్షణ ధ్రువపత్రం ఉండాలి.
- మంజూరైతే జాతీయ డేటాబేస్‌లో ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య వస్తుంది.
- లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొన్నాక, ఆయుధం వివరాలను లైసెన్స్‌లో నమోదు చేయించుకోవాలి.

తూటాలు ఎన్ని కొనొచ్చు, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చు అన్నది కూడా లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది.

2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక వ్యక్తి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల వరకు జైలు. పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పడేస్తే రెండేళ్ల వరకు జైలు లేదా రూ. లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఇది హక్కా?

కాదు. అమెరికా రాజ్యాంగంలో 1791 నాటి రెండో సవరణ లాంటిది మనకు లేదు. దరఖాస్తును తిరస్కరించే అధికారం లైసెన్సింగ్ అధికారికి ఉంది. అయితే సాధారణంగా కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు.

దీని వెనుక చరిత్ర ఉంది. 1878 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్స్ తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై వరుసగా దాడి చేసింది తుపాకుల కోసమే. స్వతంత్ర భారత్ ఆ వివక్షను తీసేసింది కానీ లైసెన్స్‌ను ఉంచింది.

సంతకం తప్పితే ఏమవుతుంది?

2012-16 మధ్య జమ్మూకశ్మీర్‌లో 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివారికి ఇచ్చారన్నది సీబీఐ ఆరోపణ. ఈ కేసులో 2020లో ఇద్దరు ఐఏఎస్ అధికారులు అరెస్టయ్యారు. జిల్లా మేజిస్ట్రేట్లుగా పనిచేసినప్పుడు మంజూరైన లైసెన్సులే కేసుకు మూలం.

2024 జులైలో ఒక ట్రెయినీ ఐఏఎస్ అధికారిణి తల్లి పుణె జిల్లాలో భూవివాదంలో పిస్టల్ చూపి బెదిరించారన్న వీడియో బయటికొచ్చింది. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. సివిల్స్ విద్యార్థులు రోజుల తరబడి మాట్లాడుకున్న కేసు ఇది.

తెలుగు నేలపై జరిగింది ఇంతకన్నా విషాదం. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లోని తాటిగూడలో పిల్లల క్రికెట్ గొడవ పెద్దల దాకా వెళ్లింది. మున్సిపాలిటీ మాజీ వైస్ చైర్మన్ ఒకరు తన లైసెన్స్ రివాల్వర్‌తో కాల్పులు జరిపారు. గాయపడినవారిలో ఒకరు తర్వాత చనిపోయారు. కోర్టు ఆయనకు జీవిత ఖైదు విధించింది. ఆ ఆయుధం దొంగదీ కాదు, నాటుదీ కాదు.

ఇంట్లో తుపాకీ ఉంటే భద్రత పెరుగుతుందా?

చాలామంది అలాగే అనుకుంటారు. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మంది పెద్దల వివరాలను పరిశీలించి 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం వేరే ముప్పును చూపింది. చేతి తుపాకీ ఉన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివారితో పోలిస్తే సుమారు 8 రెట్లు, మహిళల్లో 35 రెట్లు ఎక్కువగా కనిపించింది. తొలి తుపాకీ కొన్న వెంటనే ఈ ముప్పు అత్యధికంగా ఉంది.

అమెరికా పరిస్థితులు మనవి కావు. కానీ, ఒక క్షణంలో తీసుకునే నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేనిదిగా మార్చే వస్తువు ఇంట్లోకి వచ్చిందన్న విషయం ఎక్కడైనా ఒకటే. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉంటే ఆయుధాన్ని కొంతకాలం పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో ఉంచడం మంచిది. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది.

కొన్న మొదటి రోజుల్లో ఏం చేయాలి?

తూటాలు, ఆయుధం వేర్వేరు తాళాల కింద ఉండాలి. తాళంచెవి పిల్లలకు తెలిసే చోట ఉండకూడదు. బయటికి తీసుకెళ్లినప్పుడు లైసెన్స్ వెంట ఉండాలి, రివాల్వర్ హోల్‌స్టర్‌లో ఉండాలి. బహిరంగంగా ఊపి చూపించడం నిబంధనలకు విరుద్ధం. లైసెన్స్ ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోవాలి. మెట్రోలో, విమాన క్యాబిన్‌లో కుదరదు. ఎన్నికలప్పుడు స్క్రీనింగ్ కమిటీ అడిగితే స్టేషన్‌లో జమ చేయాలి. పోతే వెంటనే ఫిర్యాదు చేయాలి.

ఓల్డ్ రాజిందర్ నగర్ పెద్దాయన రివాల్వర్‌ను తిరిగి పెట్టెలో పెట్టి, బీరువా లాకర్‌లో ఉంచి తాళం వేశారు. ఎందుకు కొన్నారని అడిగితే, వ్యాపారంలో నగదుతో తిరగాల్సి వస్తుందన్నారు. కాసేపాగి, ''ఇప్పుడు దీన్ని కూడా నేనే కాపలా కాయాలి'' అన్నారు.

మెట్లు దిగుతూ ఆ విద్యార్థి, ''దరఖాస్తులో కారణం రాస్తే సరిపోతుందా అక్కా, అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?'' అని అడిగాడు. పోలీసు నివేదిక, గత కేసులు, ఇరుగుపొరుగుతో తగాదాలు, ఇంటి పరిస్థితి... చూడాల్సినవి చాలానే ఉన్నాయి. వాటిని నిజంగా చదివాకే సంతకం పెట్టడమే ఆ అధికారి పని.