పులికాట్ గెడ పడవ

తిరుపతి జిల్లా తూర్పు అంచున, పులికాట్ సరస్సులో పొడవాటి గెడతో నెట్టుకుంటూ నడిపే చిన్న పడవ ఇది. చేపలు, రొయ్యలు పట్టడానికీ, తిప్పల మధ్య రాకపోకలకూ పనికొస్తుంది. సరస్సు ఒడ్డునున్న సూళ్లూరుపేట, తడ మండలాలు 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేవి.

పడవకు పులికాటే ఎందుకంటే, తేట ఊటనీటి మీద సద్దులేకుండా పడవ నడిపే నది తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో లేదు. ఊటలకు మాత్రం కొదవలేదు. కొండరాతి పగుళ్లలో ఇంకిన వాన తలకోన, కైలాసకోన, సదాశివకోనల్లో జలపాతాలై దూకుతుంది. ఆ గుండాల్లో పడవకు చోటు చాలదు. కిందికొచ్చేసరికి స్వర్ణముఖి, ఆరణి నదుల్లో నీరు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక కిందే ఉంటుంది. ఆ నీటినే రైతులు ఏటి ఇసుకలో ఊటకాలువలు తవ్వి పొలాలకు పారించుకున్నారు. ఇక్కడ పడవ తేలాలంటే పులికాట్ దాకా వెళ్లాలి.

చిలికా తరువాత దేశంలో పెద్ద ఉప్పునీటి కయ్య పులికాట్. ఆరణి, కాళంగి నదులు దీనిలో కలుస్తాయి. బంగాళాఖాతానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగా ఉంది. సగటు లోతు దాదాపు ఒక మీటరే. గెడకు ఇక్కడ అంత విలువ రావడానికి కారణం ఈ లోతే. పడవవాడు వెనక నిలబడి గెడను అడుగు బురదలో ఆనించి, ఒంటి బరువంతా దాని మీద మోపి నెడతాడు. పైకి లాగేటప్పుడు దిక్కు సరిచేసుకుంటాడు. గెడ ఎంత దిగిందో చూస్తే లోతు తెలిసిపోతుంది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతారు. ఇరకం తిప్ప వాసులకు భీములవారిపాళెం రేవు నుంచి పడవే దారి.

ఇంజను పడవ త్వరగా చేరుస్తుంది, నిజమే. కానీ నీరు పలచగా ఉన్నచోట దాని రెక్క బురద రేపుతుంది, వలల్లో చిక్కుకుంటుంది, మోతకు పక్షులు లేచిపోతాయి. రాజహంసలు (ఫ్లెమింగోలు) మేత వెదికేది సరిగ్గా ఆ పలచని నీళ్లలోనే. తల కిందికి వంచి, బురదనీటిని ముక్కుతో వడగట్టి చిన్న జీవులనూ నాచునూ తింటాయి. సరస్సులోని ఆంధ్ర భాగాన్ని 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఇలాంటి చోట గెడను పాతకాలపు పనిముట్టని తోసిపుచ్చడం తప్పు; ఈ నీటికి దానికి మించిన సాధనం లేదు.

గెడ పడవకు అసలు ముప్పు సరస్సు పూడికే. రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో మూసుకుపోతే సముద్రపు నీరు లోపలికి రాదు. వేసవిలో ఉత్తర భాగం ఎండి పగుళ్లు తేలుతుంది, పడవలు ఒడ్డునే ఉండిపోతాయి. అందుకే ముఖద్వారాల్లో పూడిక తీయాలని జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు.

ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే నీరూ పక్షులూ రెండూ ఉంటాయి. పక్షుల గుంపు కనిపించగానే ఇంజను ఆపించి, గెడ వేయమని పడవవాణ్ణి అడగండి.