భద్రాచలం దగ్గర అడుగుల లెక్క

సివిల్ చదివి నాలాగే కోడ్ రాసుకుంటున్న మా బ్యాచ్ వాడొకడు మొన్న అడిగాడు, "హైడ్రాలజీలో రీసెర్చి చేద్దామంటే మన దగ్గరేముంది బాసూ?" అని. భద్రాచలం ఉంది కదా అన్నాను.

1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులకొచ్చింది. మొదటి హెచ్చరిక 43 అడుగులకే ఇస్తారు, మూడోది 53కి. 2022 జులైలో మళ్ళీ 71.3. అయితే అడుగులు చూసి ప్రవాహం ఎంతో చెప్పెయ్యలేం. దిగువన కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. అదీ పొంగితే గోదావరి ముందుకి కదల్లేక ఎగదన్నుతుంది. అదే ప్రవాహానికి మట్టం పెరిగిపోతుంది.

2014లో కూనవరం ఆంధ్రాకెళ్ళింది, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఆ పైన పోలవరం బ్యాక్‌వాటర్ తగువు. లెక్క తేల్చేవాళ్ళకంటే వాదించేవాళ్ళే ఎక్కువ (నాతో సహా!). వరంగల్ ఎన్ఐటీలో జలవనరుల ఇంజనీరింగ్ ఉందిగా, వెళ్ళరా అన్నాను.

"స్టైపెండ్ ఎంతిస్తారు?" అన్నాడు వాడు.